తప్పుల పద్దు

బెజవాడ రైల్వే గ్రౌండులో గడ్డి మొలవగా నేను చూడలేదు.
ఎర్ర కంకర. ఒక మూల బొగ్గు మరక,
ఆవిరి ఇంజన్ల నాటిది.
ఆ కంకర మీదే బంతిని ఆపడం నేర్చుకుంది సామ్రాజ్యం మేడం,
పాయింట్స్‌మన్ తాడిబోయిన వీరాస్వామి
వెదురు దుంప చెక్కి ఇచ్చిన కర్రతో.

మేం చేరేటప్పటికి ఆమె ఆట మానేసి ఏడేళ్లు.
వాన సంగతి ఆమె కుడి మోకాలికి ముందే తెలిసేది.
తెల్లారుజామున నాలుగున్నరకి విజిల్,
తొమ్మిదికి బుకింగ్ కౌంటరు, మూడో కిటికీ.
తెనాలికి రెండు, ఏలూరుకి ఒకటి, చిల్లర లేదమ్మా.
టికెట్ల పద్దు కింద ఇంకో పద్దు,
నీలం అట్ట, ఎర్ర పెన్ను.

అందులో మేం కొట్టిన గోల్స్ ఉండవు. తప్పులే.
తేదీ, నిమిషం, ఎవరు, అప్పుడు ఎటు చూస్తున్నారు.
"హెప్సిబా. బంతిని కాదు, కొట్టే పిల్ల మొహాన్ని చూస్తోంది."
అది నేనే. గోల్‌కీపర్ని.
రెండో గోల్‌కీపర్ని.

దేశం జట్టుకి కోచ్‌గా పిలిచిన రోజు
పేపర్లో ఆమె పేరు "సామ్రాట్" అని పడింది.
కత్తిరించి పద్దులో అంటించింది.
కింద ఎర్ర సిరాతో: "సబ్ఎడిటరు. నిద్రలో."

ఆమె హిందీ ప్లాట్‌ఫారం హిందీ.
ఎవరిని తిట్టాలన్నా "కృపయా ధ్యాన్ దీజియే" అనే మొదలు.
పంజాబ్ పిల్లలు చాటుగా అనుకరించేవాళ్లు,
తర్వాత్తర్వాత ఆమె ముందే.
నీళ్లు కొట్టిన నీలం టర్ఫ్ మీద బంతి అబద్ధం ఆడదు.
నాకు అదే చిక్కు,
అబద్ధాలకి అలవాటు పడ్డ కాళ్లు నావి.
ఆమె హార్లిక్స్ సీసాడు కంకర తెచ్చింది ఇక్కణ్ణించి.
హాస్టలు వెనక సిమెంటు బాట మీద పోసి
"దీని మీద ఆపండి" అంది.
అందరూ నవ్వారు. మణిపూర్ పిల్ల ఒక్కతే
బూట్లు విప్పి, కంకరని పాదంతో తడిమి చూసింది.

ఫైనల్. షూటౌట్.
అందరూ భుజాలు పట్టుకుని వరసగా నిలబడితే
మేడం గ్రౌండుకి వీపు పెట్టి
బెంచీ మీద నా ఎదురుగా కూర్చుంది.
"నువ్వు చూసి చెప్పు."

ఆపిందండి.
పోయింది.
మనది పడింది.
"ఎటు?"
ఎడమకి.
"ఎడమకా," రాసుకుంది.
ఆమె మోకాలు వణుకుతోంది, బయట వానేం లేదు.
గెలిచాం మేడం.
"మూడోదానికి అది ముందుకెందుకు రాలేదే?"

ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద బ్యాండు, బంతిపూలు.
సింగ్‌నగర్‌లో ఇంటి స్థలం అన్నారు, సర్వే నంబరు కూడా చదివారు.
వెళ్లి చూస్తే ఆ నంబర్లో బుడమేరు పారుతోంది.

నాలుగు నెలలకి ఢిల్లీ నుంచి రెండు లైన్ల ఉత్తరం.
సేవలకు కృతజ్ఞతలు. కొత్త కోచ్ విమానంలో వస్తున్నాడు.
సోమవారం మూడో కిటికీ తెరిచింది.
"మీరు టీవీలో..." అంటున్నాడొకాయన.
"నిడదవోలుకా, నిడుబ్రోలుకా? సరిగ్గా చెప్పండి,
రెండూ రెండు దిక్కులు."

రిటైరయిన సాయంత్రం పద్దు నా చేతిలో పెట్టింది, ఏమీ అనకుండా.
ఆ ఫైనల్ పేజీ కోసం వెతికాను.
నా పేరు లేదు. మూడోదానికి రాని పిల్ల పేరుంది.
దాని కింద, అక్షరాలు కొంచెం వంకరగా:
"సామ్రాజ్యం. షూటౌట్ మొత్తం. చూడలేదు."

ఇంకా పదకొండు కాగితాలు ఖాళీ.
రేపటి పిల్లలు తొమ్మిది మంది, కర్రలు ఆరు.
ఎర్ర పెన్నులో రీఫిల్ అయిపోయింది,
గవర్నర్‌పేటంతా తిరిగాను,
ఆ రకం ఇప్పుడు రావడం లేదట.