పొగబెట్టిన పెట్టె

తెల్లారి అయిదింటికే
సిరొంచలో సిగ్నల్ నిండుగ ఉంటది.
అవతలొడ్డు టవరు నుంచి ప్రాణహిత దాటి
మా ఆఫీసు మెట్లెక్కుతది, మూడో మెట్టు దాకా.
అప్పుడే ఉత్తరాలన్నీ దించుకొని తీగ పీకేస్త.
ఇగ పగలంత, కరెంటున్నంత సేపు,
అవి నావి.

బ్రౌజర్ల చూసుకోరాదా అంటడు
కంప్యూటర్ బాగుచేసే విలాస్ మడావి.
చూసుకోవచ్చు.
ఎండకాలం ఏట్లకెళ్లి అవతలికి నడిచి కూడ పోవచ్చు.

మొన్న పాతది తెరవంగనే పసుపుపచ్చ పట్టీ:
ఈ ప్రోగ్రాముకు మద్దతు ముగియనున్నది.
ఎల్లుండనలే, ఏడాదనలే.
రోజూ తెరుస్త, రోజూ అదే మాట.
పొమ్మనలేక పొగబెట్టుడు అంటే ఇదే.

పదకొండేండ్ల తునికాకు లెక్క ఉన్నది అందుల.
అల్లపల్లి వేలం కాగితాలు మరాఠీల,
నిజామాబాద్ బీడీ కంపెనీతోని తగాదా తెలుగుల,
నాగపూర్ ఆడిటర్ కోపం ఇంగ్లీషుల.

విలాస్ మూడు చూపిచ్చిండు.
ఒకటి పుణ్యానికి వస్తది. ఎవరో తీరిక దొరికినప్పుడు రాస్తరట.
వాళ్లకు పిల్లలు పుడితే? విసుగొస్తే?
ఇంకొకదానికి ఏటేటా కిరాయి.
ఒక్క ఏడు ఆగితే నా ఉత్తరం నాకే చూపదు.
మూడోదాని మీద జీవితాంతం అని రాసిండ్రు.
ఎవరి జీవితాంతమో రాయలే.

సస్తాది చూడు, అన్నడు శేఠ్.
నాకు సస్తది అని వినబడ్డది.

పై ఆకు చూసి కట్ట కొనొద్దని
కల్లేదారు లస్మయ్య చెప్పేటోడు.
ఆ రాత్రి మూడింటినీ విప్పి చూసిన.
ఎట్ల లోపలికి రావాల్నో అన్నీ చెప్పినై.
ఎట్ల బయటపడాల్నో అడిగితే
ఊరికే వచ్చేదొక్కటే
ఉత్తరాలన్నీ మామూలు రాతల ముందటేసి
తీసుకపో అన్నది.
దాన్నే పెట్టుకున్న.
ఇదీ పోతది ఒకనాడు, ఎరికే.

పదకొండువేల నాలుగువందల ఆరు ఉత్తరాలు.
గీత కొంచెం కొంచెం పాకింది.
రెండుసార్లు కరెంటు పోయింది, యూపీఎస్ ఏడ్చింది,
శేఠ్ గొణిగిండు.
తెల్లారి లెక్కపెడితే ఒక్కటీ తక్కువ లేదు.
కాని మే నెలల లస్మయ్య ఉత్తరం లేదు.

వెతుకంగ వెతుకంగ అట్టడుగున దొరికింది.
'సంచులు రెండువందల పద్నాలుగు.
మబ్బు పట్టింది.
తాళం ఈశ్వరక్క కాడ ఇచ్చిన.'
గంతే.
తర్వాతి పిడుగు సంగతి ఏ ఉత్తరంలోనూ లేదు.

తేదీ మాత్రం 1970 జనవరి ఒకటి.
దినం దొరకకుంటే మిషన్ అక్కడికి పోయి కూసుంటదట.
సరిచేస్తనన్నడు విలాస్, మౌస్ పట్టుకొని.
ఉండనియ్ అన్న.

అప్పటికి లస్మయ్య పుట్టనే లేదు.
మబ్బు పట్టలేదు.