నాలుగో జవాబు

హల్ద్వానీలో బిట్లు రాసి బతుకుతాను నేను.
తొలి మహిళ, తొలి విమానం, తొలి ఓడ,
తొలిసారి ఈది దాటిన జలసంధి,
దేశం మొదటిసారి చేసినవన్నీ
నా గైడులో ముప్పై రూపాయలకు దొరుకుతాయి.
గుమాస్తా పరీక్షకు వెళ్లే పిల్లలు
బస్సు కిటికీ పక్కన కళ్లు మూసుకుని వల్లె వేస్తారు.

నలభై మూడో పేజీ దగ్గర తగాదా వచ్చింది.
ఆ మంచుకొండ ఎక్కిన తొలి ఆడవాళ్ల దళం,
నాయకురాలు పాత ముద్రణలో సులభా గోరక్షకర్,
కొత్తదాంట్లో సులభా గోరేగాంవ్‌కర్.
నాలుగక్షరాల తేడాకు ఒక మార్కు,
ఒక మార్కుకు ఒక ఉద్యోగం,
ఉద్యోగం పోయినవాడు నాకు ఉత్తరం రాశాడు.
ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని
పదకొండు గంటలు ఎముకలు కుదిపించుకుని
మున్సియారీలో దిగాను.
అందరిలో మిగిలింది ఒక్క మనిషేనట,
అదీ దళంలో లెక్క కాదట, కూలీల్లో లెక్కట.

ధనులీ మర్తోలియా మగ్గం ముందు కూర్చుని ఉంది.
ఎదురుగా పంచచూలీ ఐదు కొండలూ
ఉతికి ఆరేసినట్టున్నాయి.
"ఇంటిపేరా? ఏమో బాబూ, దీదీ అనేదాన్ని.
రాత్రుళ్లు వాంతి చేసుకుంటే తల పట్టుకునేదాన్ని.
పట్టుకునే తలకాయకు ఇంటిపేరెందుకు?"
దారం తెగింది. ముడేసుకుంది.

"రోజుకు నాలుగు రూపాయలు.
కిరసనాయిలు డబ్బా, పప్పు, వాళ్ల జెండా కర్ర
అన్నీ నా వీపు మీదే.
ఆఖరి రోజు తొడల దాకా దిగబడుతోంది మంచు.
తేలికదాన్ని కదా, నన్ను ముందు పంపారు
అడుగులు తొక్కి దారి చేయమని.
తొక్కాను. తొక్కుతూ తొక్కుతూ తలెత్తితే
పైన ఇంక కొండ లేదు.
పదడుగులు. మా అత్త ముంగిలంత."

నా పెన్ను ఆగింది.
మరి?

"మరేముంది, కూర్చున్నాను.
అది నందమ్మ నెత్తి. నెత్తి మీద కాలు పెడతామా?
దీదీ వచ్చేదాకా చేతులు చంకల్లో దోపుకుని
అమ్మవారి చెవి దగ్గర కూర్చున్నాను.
సంగతి చెబితే, పాపం, బూట్లు విప్పబోయింది.
వద్దన్నాను. వేళ్లు రాలిపోవూ?
అమ్మకు నేను చెప్పుకుంటాలే, ఎక్కు అన్నాను.

అయినా మొదలు మొదలంటావు,
మేం వెళ్లేసరికే అక్కడొక కాకి ఉంది.
పసుపు ముక్కు కాకి.
బిస్కెట్లు వస్తున్నాయని దానికెవరు చెప్పారో!"

నవ్వింది. పైవరసలో రెండు పళ్లు లేవు.

కూలితో పాటు బూట్లిచ్చారట, రెండు సైజులు పెద్దవి.
ఒకదాంట్లో చాలా ఏళ్లు కోడి పొదిగింది.
రెండోదాన్ని మామగారు
ఒంటికాలి సిపాయికి అమ్మేశాడు, ఏ కాలో అడగకుండానే.

ఫోటో ఉందా అన్నాను.
ఉందిట. తీసినవాడి నీడ కూడా పడిందిట అందులో.
తను మాత్రం లేదు,
అప్పుడు టీకి మంచు కరిగిస్తోంది.

వస్తుంటే గైడు ధర అడిగింది.
చెబితే, "కొండెక్కినంత ఖరీదే!" అని
నా సంచీలో రెండు దోసిళ్ల రాజ్మా పోసింది.

కొత్త ముద్రణకు బిట్టు మార్చి రాశాను.
ఆ శిఖరం మీద మొదట కాలు పెట్టినది ఎవరు?
ఎ, బి, సి మామూలే. డి) కాకి.
ప్రూఫులు దిద్దే లోహనీగారు ఎర్ర సిరాతో కొట్టేసి
పక్కన రాశారు: ఒంట్లో బాగుందా?

పిల్లలూ, మార్కు కావాలంటే ఎ పెట్టండి.
ఇంటిపేరు ఇంకా తేలలేదు.
రాజ్మా నిన్న పొయ్యి మీద పెట్టాం.
ఎత్తున పండిన గింజ,
కుక్కరు ఏడో కూత దాకా ఒప్పుకోలేదు.