అరచేతికి సరిపడా

స్క్రూడ్రైవర్ మొనతో ఊరికే ఒక పోటు పొడిచాను.
డ్రైవర్ సీటు కింద రంగు పెళ్ళలుగా లేచి
పిడిదాకా దిగబడిపోయింది.
పైకి లాగి చూస్తే, కన్నంలోంచి
మా షెడ్డు నేల, దాని మీద నడుస్తూ ఒక చీమ.

మరే బ్రిడ్జ్ ఆసుపత్రిలో ఎముకల ఫోటోలు తీస్తాను నేను.
పగులెక్కడుందో చెప్పడం వరకే నా పని,
అతికే వంతు ఎప్పుడూ ఇంకొకరిది.
ఈ నలభై ఆరేళ్ళ యూట్‌కి మాత్రం
ఇంకొకరు లేరు.

శనివారం పనిముట్ల దుకాణం.
ప్లాస్మా కట్టర్ ముందు ఆగిపోయాను,
నగల కొట్టు అద్దం ముందు ఆగినట్టే.
వెన్నలో కత్తిలా దిగుతుందన్నాడు కుర్రాడు.
దానికి కంప్రెసర్ కావాలి,
కంప్రెసర్‌కి చోటు కావాలి,
చోటుకి ఇంకో షెడ్డు.
గోచీ కోసం పిల్లిని పెంచిన సన్యాసి గుర్తొచ్చి
రెండడుగులు వెనక్కి వేశాను.

పెద్ద వెల్డింగ్ మిషన్‌కి పదిహేను ఆంపియర్ల ప్లగ్గు,
దాని మూడో కాలు లావు, ఇంటి సాకెట్లో పట్టదు.
ఆ కాలిని అరగదీసి దూర్చినవాడి గోడ మీద
నల్లటి మచ్చ ఒకటి నేను చూశాను.
చిన్నది చాలా?
చాలుతుందని ఎవరు చెప్పాలి?

మెర్విన్ షుల్ట్స్ చెప్పాడు.
ముప్ఫై ఎనిమిదేళ్ళు కార్ల సొట్టలు తీసిన మనిషి,
ఇప్పుడు నదొడ్డున టమాటాలు పెంచుతున్నాడు.
డబ్బెంతుందని అడగలేదు.
"కన్నం ఎంత?"
అరచెయ్యి చాపి చూపించాను.
"అయితే అరచేతికి సరిపడా కొను."

ముందు బిగింపులన్నాడు.
ఎన్నంటే,
ఎన్ని కొన్నా ఇంకో రెండు తక్కువే పడతాయన్నాడు.
గ్రైండర్లు రెండు, కోతకొకటి, అరగదీతకొకటి.
బిళ్ళ మార్చడానికి బద్ధకించే చోటే
వేళ్ళు పోతాయన్నాడు,
పొట్టిదైన తన చూపుడువేలు ఎత్తకుండానే.
ముసుగు దగ్గర పిసినారితనం వద్దు, కళ్ళకు రెండో జత దొరకదు.
పలచని రేకు, సన్నతీగ వెయ్యి, గ్యాసు పెట్టు,
గాలికి అడ్డంగా తెర కట్టు.
గీత గీయబోకు, చుక్కలు పెట్టు,
ఇక్కడొకటి, అదిగో అక్కడొకటి, చల్లారాక మధ్యలో.

చుక్కలు ముందు, గీత తర్వాత:
ఈ విద్య నాకు వాకిట్లోనే వచ్చు
అనలేదు. నవ్వాను.

వెళ్ళబోతుంటే చేతిలో ఒక ఇనుప దిమ్మ పెట్టాడు,
అరిగి అరిగి సబ్బుబిళ్ళలా నున్నబడ్డది.
"ఇది అమ్మకానికి కాదు. మళ్ళీ తెచ్చియ్యాలి."

అన్నీ సర్దుకున్న ఆదివారం
ఫోనులో ఎర్రక్షరాలు. నిప్పు నిషేధం.
నలభై రెండు డిగ్రీలు, ఉత్తరపు గాలి,
బయట ఒక్క రవ్వ లేవకూడదు.
నా షెడ్డుకి ఉన్నవి మూడే గోడలు.

కొత్త మిషన్ అట్టపెట్టెలోనే ఉండిపోయింది.
అటుకుల డబ్బా అట్ట చింపి కన్నం మీద పరిచి
అంచు గీసుకున్నాను.
రేకు కత్తెర. సుత్తి. దిమ్మ.
రవ్వ లేవని పనిముట్లు మూడే మిగిలాయి.
దిమ్మని రేకు కింద ఆనించి, పైనుంచి కొట్టాను.
దిమ్మ మీద పడ్డ దెబ్బ ఖంగుమంటుంది,
పక్కకు జారితే డొల్లగా పలుకుతుంది.
మద్దెల ఓడని సాకు చెప్పడానికి వీల్లేదు,
దిమ్మ నాది కాదు, మెర్విన్‌ది.

కసిగా కొడితే రేకు సాగిపోయింది.
సాగిన రేకు మళ్ళీ కుదురుకోదు.
రెండోది కోశాను.
మూడో దానికి నీళ్ళు తాగి వచ్చాను.
దెబ్బ చిన్నదై చిన్నదై
దాదాపు తట్టడమైన వేళకి
వంపు వచ్చింది, యూట్ నేల వంపే.
కన్నం మీద పెడితే
చీమ కనబడలేదు.

చీకటిపడ్డాక దక్షిణం నుంచి చల్లగాలి తిరిగింది.
రేపు చుక్కలు పెడతాను.
మొదటి చుక్క రేకును కాల్చి చిల్లు పెడుతుందని
మెర్విన్ ముందే చెప్పాడు.
అందుకే నాలుగోది కూడా కోసి
సీటు మీద పెట్టుకున్నాను.