పరాకు

షార్జాల రాత్రి డ్యూటీ.
మాల్ మూసినంక బేస్‌మెంట్ గదిల
గోడకు పదహారు గళ్ళు, నాకొక తిరిగే కుర్చీ.
ఒకటో గడిల పార్కింగు, నాలుగుల బంగారం దుకాణం షట్టరు,
పదకొండుల ఎప్పుడూ ఎవ్వరూ దిగని వెనక మెట్లు.
ఒళ్ళో ఫోను. ఫోన్ల క్రికెట్టు, క్రికెట్టు మీద వాట్సప్పు.
నాలుగు కొట్టంగనే ఒక చెవుల స్వరూప గొంతు
(అక్కడ ఐదున్నర, నల్లా వచ్చే టైము),
ఇంకో చెవుల వాకీటాకీ, బషీర్ భాయ్ మలయాళపు హిందీ.

కోరుట్ల బడిల ఎనిమిదో తరగతప్పుడు
ఒక అవధాని వచ్చిండు.
చుట్టూ ఎనిమిది మంది కూసోని తలా ఒక దిక్కు గుంజుతుంటే
ఆయన వీపు మీద పూలు వేసే పని నాకిచ్చిన్రు.
బంతిపూలు. ఎప్పుడంటే అప్పుడు, చప్పుడు కాకుండ.
కొంటెకు ఒకసారి రెండు కలిపి వేసిన.
పాదం పాదంగ విడిచిపెట్టిన పద్యాలన్నీ
చివరికి వరుసగ అప్పజెప్పి,
నీళ్ళు తాగి, నా దిక్కు తిరిగిండు:
"నలభై మూడు. అండ్ల రెండు జంటగ పడ్డయ్, బిడ్డా."

ఆ ఒక్క వాక్యం కోసం తెలుగు పండిత ట్రైనింగు చేసిన.
నోటిఫికేషన్ రాలె. వీసా వచ్చింది.

ఇప్పుడు నాకు పదహారు మంది పృచ్ఛకులు,
ఒక్కడూ నోరు తెరవడు.
అప్రస్తుతమంతా ఒళ్ళోకెళ్ళే మోగుతది.
గంటలెన్ని కొట్టినయో ఫోనే లెక్క చెప్తది, ఎర్ర చుక్కల.
అన్నీ చూస్త. అన్నిటికీ ఆఁ అంట.
తెల్లారి రిజిస్టరు రాసేటప్పుడు
ధారణ కాడికొచ్చేసరికి నోరు పెగలదు.
"రెండుంబావుకు లోడింగ్ గేటు ఎవరు తెరిచిన్రు?"
బషీర్ భాయ్ అడుగుతడు, నేను రికార్డు వెనక్కి తిప్పుత.
చూసినోణ్ణి నేను, యాదిపెట్టుకున్నది డబ్బా.
డబ్బాకు సుత నెల రోజులే. ఆ తర్వాత
పాతదాని మీదనే కొత్తది రాసుకుంటది.

రాజు వస్తుంటే బహుపరాక్ అని అరిచేటోళ్ళట,
అంటే మెలకువగుండమని.
మా అమ్మ పరాకు అనేది
కూరల రెండుసార్లు ఉప్పు పడ్డప్పుడు.
రెండూ ఒక్క మాటనే ఎట్లయినయో
ట్రైనింగుల ఎవ్వరూ చెప్పలె, నేనూ అడగలె.

మొన్న నాలుగింటికి, తొమ్మిదో గడిల,
ఆగిన ఎస్కలేటర్ నడిమి మెట్టు మీద
క్లీనింగు దిల్‌మాయ కూసోని నారింజ ఒలిచింది.
తొక్క తెగకుండ, ఒక్క తీగెలెక్క.
తొమ్మిది తొనలు తిని
పదోది కాగితంల చుట్టి జేబుల పెట్టుకుంది.
అంతసేపు నాకు తక్కిన పదిహేను గళ్ళు లేవు.
స్వరూప ఫోను రెండుసార్లు మోగి ఆగిందట.
ఈ దేశంల ఆరేండ్లల్ల
అంచు పోకుండ నాకు యాదున్నది ఆ నారింజ.

నిన్న స్వరూప అన్నది:
"పిల్లకు ఫీజు కట్టిన. ఇంటర్ల సంస్కృతం తీసుకున్నది."
"సంస్కృతమా? తెలుగు కాదా?"
"పోయిన ఆయితారం అడిగిన కదా,
మార్కులు పడుతయంటున్నరు, ఏం జేద్దామని.
ఆఁ, సరే సరే అన్నవ్."

ఆయితారం.
ఏ గడి చూస్తున్ననో. ఎవడు అవుటయిండో.
వెనక్కి తిప్పుదామంటే దానికి డబ్బా లేదు.

"ఇంకా వేటికి సరే అన్న నేను?"
కొంచెంసేపు మాట్లాడలె. బిందె నిండి పొర్లుతున్న చప్పుడు.
"మస్తున్నయ్. యాడికెళ్ళి చెప్పాలె?"
"యాడికెళ్ళన్న."

వాకీటాకీ చిన్నగ జేసి
కుర్చీ తిప్పి, గోడకు వీపు పెట్టి కూసున్న.
పిల్ల చెవినొప్పి కాడ మొదలుపెట్టింది.
వెనుక పదహారు వెలుగులు మారుతున్నయ్,
ఎప్పుడంటే అప్పుడు, చప్పుడు కాకుండ
వీపు మీద పడుతున్నయ్.
లెక్కపెడ్తలేను.