నంబయ్య ట్రయల్

ఫోటోలో ఒక దొరసాని.
నూటయాభై ఏండ్ల కింద
ఏదో రాజు కొలువులో ఒక్క రాత్రి ఆటకు
అంతకు ఐదువందల ఏండ్ల ముందటి రాణి వేషం కట్టిందట.
ఇప్పుడు ఆ దొరసాని వేషమే
గురువారం రాత్రి మనామా హోటల్లో
ఇంకో మేడంకు కావాలె.

ఇరవై రెండు మీటర్ల మఖ్మల్.
ముత్యాలు తీసిన సముద్రం పక్కవీధిలోనే,
మా ముత్యాలు మాత్రం ప్లాస్టిక్‌వి, కిలో లెక్క.

కొలతబొమ్మకు నడుం విరిగింది, అందుకని
నంబయ్యను ఎక్కించిన స్టూలు మీదికి.
మీసం పైన, లుంగీ లోపల,
నడుమ రాణి.
"నవ్వకురా, సూది గుచ్చుకుంటది."
ఊపిరి బిగబట్టి ఏసీ దిక్కు చూసిండు.

అంచు పొడుగునా మోకాళ్ల మీద పాకుతున్న,
నోట్లో ఆరు గుండుసూదులు.
రాత్రి రెండు.
"అన్నా, ఫోటోల ఆమెకు కుట్టినోని పేరు రాసిన్రా?"

వెనక తిప్పి చూసిన. లేదు.
అద్దం పెట్టి వెతికితే
కుచ్చిళ్ల కింద, ఎడమ పక్క,
ఒక్క కుట్టు వంకర.
వానికీ ఆ రాత్రి నిద్ర లేనట్టుంది.

"అయిపోయింది, దిగు."
దిగలేదు నంబయ్య.
రెండు వేళ్లతో అంచు పైకెత్తి పట్టుకుని,
ఎవరు నేర్పిన్రో,
"ఇంకొక్క నిమిషం" అన్నడు.