కొలతల పుస్తకం

నా దగ్గరొక కొలతల పుస్తకం ఉంది.
పాలకొల్లులో, లాకు దాటాక బడ్డీ అంత కొట్టులో,
మిషను కింద అరలో.
ఛాతీ ముప్పై ఆరు, చెయ్యి పదకొండు, మెడ లోతు ఆరున్నర,
పక్కనే పెన్సిలుతో:
"నిర్మల టీచరుగారికి ఎడమ భుజం కాస్త వాలు."
అర అంగుళం తప్పిందా
మెట్ల మీదే నించోబెట్టి కడిగేస్తారండి నన్ను.
దర్జీ అన్నాక గుడ్డ మిగుల్చుకుంటాడని
ఊరి మాట ఎలానూ ఉంది.
అందుకే మిగిలిన పేలిక కూడా
జాకెట్టు మడతలో పెట్టే ఇస్తాను.

మునిసిపాలిటీకీ ఒక కొలతల పుస్తకం ఉంటుందని
తెలిసింది మొన్న శ్రావణంలో,
కోలా అప్పాయమ్మ పడిపోయాక.

నల్లమట్టి కదండీ మాది.
కాలవ కట్టేసిన ఎండల్లో నోళ్లు తెరుస్తుంది,
నీళ్లొదలగానే ఉబ్బుతుంది.
దాని మీద పరిచిన పలకలు ఊగే పళ్లు.
రొయ్యల లారీ వెనక్కి తిరుగుతూ రెండింటిని విరగ్గొట్టింది,
మూడోది ఎవరి గుమ్మానికో మెట్టయింది.
నెత్తిన గంపతో అప్పాయమ్మ
కాలు వేసిన చోట
నేల లేదు.
చందువాలు రోడ్డంతా మెరిశాయి.
తుంటి ఎముక, అన్నారు ఆస్పత్రిలో.

"అక్కడ ఫుట్‌పాత్ అయిపోయిందే!"
అన్నాడు ఆఫీసులో గుమాస్తా,
ఆశ్చర్యంగా. నిజంగానే ఆశ్చర్యంగా.

తెల్లకాగితం, పది రూపాయల పోస్టల్ ఆర్డరు,
ఆవిడ మనవడి గుండ్రటి దస్తూరీ.
ముప్పయ్యో రోజు సాయంత్రం కవరొచ్చింది:
"రెండు వందల పన్నెండు మీటర్లు.
పని పూర్తి. కొలిచి సరిచూడబడినది."

సరిచూడబడినది.
చూసినవాడు లేకుండానే
చూడడం మాత్రం జరిగిపోయింది ఆ మాటలో.

ఆ రాత్రి షట్టరు దించి
మెళ్లో టేపు తీసి నేలకి వంగాను.
మనుషుల్ని కొలిచే టేపు, ఐదడుగులే.
సుద్దతో గీత పెట్టడం, జరగడం, మళ్లీ గీత.
కొబ్బరి మిల్లు కాపలా తాత టార్చి పట్టాడు.
"ఏటండీ గవర్రాజుగారూ, రోడ్డుకి లాగూ కుడతారా?"
ఆయ్, గుడ్డ ఎంతుందో చూస్తన్నానండి.

ముప్పై తొమ్మిది.
మోకాళ్లు దులుపుకుని ఆ చివర్నుంచి కొలిచాను.
ముప్పై తొమ్మిదే.

వార్డు సచివాలయంలో కొత్తగా వచ్చినమ్మాయి,
ఫర్జానా అని, ఇంజనీరింగు చదివింది.
నా చీటీ చూసింది, వాళ్ల పుస్తకం తెరిచింది,
చాలాసేపు ఏమీ అనలేదు.
తెల్లారి ఇనప టేపుతో వచ్చింది.
నా సుద్ద గీతల వెంటే నడిచి, లేచి,
"నలభై అండి. మీటరు తక్కువ రాశారు.
మీ టేపు సాగిపోయింది."

సిగ్గేసింది.
ఎన్నాళ్లుగా సాగిందో!
నిర్మల టీచరుగారు వదులు, వదులు అంటుంటే
చిక్కిపోయారేమోనండి అనేవాణ్ణి.
నా పుస్తకంలో, పెన్సిలుతో కాదు, పెన్నుతో రాశాను:
"ఇంతవరకూ ఉన్న కొలతలు మళ్లీ తియ్యాలి."

అంతకన్నా ఏం రాయాలండి ఏ పుస్తకంలోనైనా?

ఇప్పుడు సచివాలయం గోడకి నల్లబోర్డు.
చేసింది నలభై. చెయ్యాల్సింది నూట డెబ్బై రెండు.
వాన జల్లు కొడితే అంకెలు కారిపోతాయి,
ఆ అమ్మాయి మళ్లీ దిద్దుతుంది.
పైనుంచి ఫోన్లొచ్చాయని విన్నాను.
బోర్డు మాత్రం ఉంది, ఇవాళ పొద్దుటికి.

అప్పాయమ్మ వాకరు పట్టుకుని
ఆ గోడ దాకా వచ్చింది నిన్న.
చదువు రాదు. మనవడు చదివి వినిపించాడు.
"మరి ఆ మిగిలిన పేలికో?" అంది
నా వైపు తిరిగి,
నేనే దాచినట్టు.