పదకొండుసార్లు చచ్చినవాడు

ఒక్క మధ్యాహ్నంలో పదకొండుసార్లు చచ్చాను.
అట్లాంటాకి దక్షిణాన, మూతపడ్డ టైర్ల గోదాములో,
ఆకుపచ్చ తెర ముందు.
రోజుకి నూట నలభై డాలర్లు, పొట్లంలో చికెన్ శాండ్‌విచ్.
"ఈసారి కాస్త ఎడమకి పడు" అన్నాడు ఫైట్ మాస్టర్.
ఎడమకి పడ్డాను.
విలన్ మనుషుల్లో ఒకణ్ణి నేను,
వెనక వరసలో నాలుగోవాణ్ణి.

ఏడాది తరవాత
నా చావు చూపించడానికి వెర్నెల్ అత్తని సినిమాకి తీసుకెళ్లాను.
అత్తకి ఎనభై మూడు.
పంతొమ్మిదేళ్లప్పుడు, కూర్చోకూడని బల్ల దగ్గర కూర్చున్నందుకు
ఇరవై రోజులు జైల్లో ఉంది.
ఆ సంగతి ఎప్పుడడిగినా ఒకటే చెబుతుంది:
అక్కడి జావలో ఉప్పు ఉండేది కాదని.

తెర మీద విలన్ నోరు విప్పాడు.
"మా తాతల ఎముకల మీద ఊళ్లు కట్టి
మా దగ్గరే అద్దె వసూలు చేస్తున్నారు" అన్నాడు.
ముందు వరసలో ఎవరో "ఊఁ" అన్నారు,
చర్చిలో అన్నట్టు.
అత్త పాప్‌కార్న్ నమలడం ఆపింది.

తరవాతి సీన్లో వాడు
స్కూలు బస్సుని వంతెన మీంచి తోసేశాడు.
ఊఁ కొట్టిన గొంతు ఊరుకుంది.
హీరో బస్సుని పట్టుకున్నాడు, విలన్‌ని చంపాడు,
చివర్లో మేయర్ పక్కన నిలబడి
స్కాలర్‌షిప్పులు ప్రకటించాడు.
అందరూ చప్పట్లు. నేనూ కొట్టాను, అలవాటుకొద్దీ.

రాత్రి పదకొండింటికి టిఫిన్ హోటల్లో ముగ్గురం.
అత్త రుచి చూడకుండానే జావలో ఉప్పు వంపుకుంది.
"బస్సుని ఎవరు తోశారు?" అంది.
"విలన్."
"తెర మీద కాదురా. కాగితం మీద."

నేను కాఫీ కలుపుతూ కూర్చున్నాను.

"వాడు చెప్పేది నిజమని హాలుకి తెలిసిపోతోంది.
రాసేవాళ్లకి భయమేసింది.
అందుకని ఒక బస్సు తెప్పించి, పిల్లల్ని ఎక్కించారు.
ఆ బల్ల దగ్గర మేం ఎవర్నీ తోయలేదు.
అయినా పేపర్లో రౌడీలనే రాశారు.
ఇంకాస్త తెలివైన రచయితలుంటే
మా చేత కూడా ఏదో ఒకటి తోయించేవాళ్లు."

అత్త కూతురు రెనీటా ఫోర్కు కింద పెట్టింది.
"అమ్మా, నా కొడుకు దిండు గలీబు మెడకి కట్టుకుని
మెట్ల మీంచి దూకుతున్నాడు.
వాడి రంగులో హీరో ఉన్నాడని.
దాన్ని తీసెయ్యకు.
ఇంకోటి. ఆ విలన్‌ని మరీ నెత్తికెక్కించుకోకు.
విముక్తి గురించి వీధిలో నోరారా మాట్లాడి
ఇంటికొచ్చి తలుపు గడియ వేసే మగాళ్లని
మనం ఎరగమా?"

రాస్కో మామ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.
రెనీటా కూడా ఎత్తలేదు.
అత్త ఉప్పుసీసా మూత బిగించింది,
విప్పింది, మళ్లీ బిగించింది.
"ఎరుగుదుం" అంది చాలాసేపటికి.
"అయినా ఆ మాట అబద్ధం కాదు.
చెప్పిన నోరు చెడ్డది. అంతే.
మంచి నోటికి ఆ మాట ఎందుకివ్వరు?
హీరో దగ్గర ఒక్క ప్రశ్న లేదు, చూశావా?
బట్టలున్నాయి."

రెనీటాకి నవ్వొచ్చింది, ఆపుకుంది.

తరవాత అత్త నావైపు తిరిగింది.
"నిన్ను చూశాను. నాలుగోవాడివి.
వాడి వెంట ఎందుకెళ్లావు?"
"అది స్క్రిప్టులో లేదత్తా."
"మరి ఏమనుకుంటూ పడ్డావు?"

ఎడమ, పరుపు, మోచెయ్యి జాగ్రత్త.
పదిసార్లు అంతే అనుకున్నాను.
పదకొండోసారి నేలకి చెంప ఆనగానే
రబ్బరు వాసన కొట్టింది.
మా నాన్న చొక్కా వాసన.
ఇదే గోదాములో ఇరవై రెండేళ్లు,
ఒక సోమవారం గేటుకి తాళం.
కళ్లు మూసుకోవడం మరిచిపోయాను.

"కట్" అన్నారు.
"ఆ శవం చూస్తోంది" అన్నారు.
సినిమాలో ఉన్నది నా ఎనిమిదో చావు.